పక్కబట్టల బీరువా

పక్కబట్టల బీరువా అనగా ఇంటిలో వాడుకునే దుప్పట్లు, తలగడ గలీబులు, తువ్వాళ్ళు, బొంతలు, కంబళ్ళు, బల్లగుడ్డలు, తెరలు మొదలైన వస్త్రాలను భద్రపరచే బీరువా లేదా గోడ అలమర. ఒంటిమీద కట్టుకునే బట్టలు ఎవరివి వారివి. పక్కబట్టలు మాత్రం ఇంటిల్లిపాదికీ చెందినవి. అందువలన వాటిని ఎవరూ తమవిగా పట్టించుకోకపోవడం, ఖాళీగా ఉన్న చోటనల్లా కుక్కడం చాలా ఇళ్ళలో కనిపిస్తుంది. చుట్టాలు వచ్చిన రాత్రి దుప్పటి కోసం వెతుకులాట ఇందుకే. ఈ బీరువాను సర్దుకోవడంలో స్థలం, మడత, తేమ, పురుగులు అనే నాలుగు విషయాలు ముఖ్యమైనవి. వీటికి తోడు, పురుగుల కోసమని బట్టలలో వేసే కలరా ఉండల వలన పసిపిల్లలకు కలిగే ప్రమాదం ప్రతి ఇంటిలోను తెలిసి ఉండవలసిన విషయం.

పూర్వపు పద్ధతులు

తెలుగు ఇళ్ళలో బీరువా పాత వస్తువు కాదు. పూర్వం బట్టలు దాచుకోవడానికి భోషాణాలు, కావిడిపెట్టెలు, తరువాత ఇనుప ట్రంకు పెట్టెలు వాడేవారు. భోషాణం బరువైన మూత గల పెద్ద కొయ్య పెట్టె. కొన్ని ఇళ్ళలో దానిపైనే పడుకునేవారు కూడా. అనుదినం వాడే బట్టలకు దండెం ఉండేది. పైకప్పు దూలాలకు వ్రేలాడదీసిన వెదురు గడపై ఆరిన బట్టలు వేసేవారు. మడిబట్టలు వేసే దండెం ఇతరుల చేతికి అందనంత ఎత్తులో ఉండి, వాటిని కర్రతో తీసుకోవలసి వచ్చేది. పరుపులు, అదనపు బొంతలు అటక మీదికి చేరేవి.

అలమర అనే మాట పోర్చుగీసు భాషలోని అర్మారియో నుండి భారతీయ భాషలలోకి వచ్చింది. ఉక్కు బీరువా ఇరవయ్యవ శతాబ్దపు వస్తువు. గోద్రెజ్ సంస్థ 1923లో ఉక్కు బీరువాల తయారీ మొదలుపెట్టింది. నగలు, దస్తావేజులు, పట్టుచీరలు దాచుకోవడానికి వచ్చిన ఈ బీరువాలోకి క్రమంగా దుప్పట్లు కూడా చేరాయి.

బట్టలు చాకలికి వేసే రోజులలో ప్రతి ఇంటిలోను చాకలి పద్దు ఉండేది. ఎన్ని దుప్పట్లు, ఎన్ని తువ్వాళ్ళు వేశారో వ్రాసి, తిరిగి వచ్చినప్పుడు లెక్క చూసుకునేవారు. ఏ ఇంటి బట్ట ఏదో తెలియడానికి చాకలివారు నల్లజీడి రసంతో అంచున చిన్న గుర్తు పెట్టేవారు. ఆ మరక ఎన్ని ఉతుకులకైనా పోదు. ఇంట్లో ఏమేమి బట్టలు ఉన్నాయో ఆ పద్దు పుస్తకం చెప్పేది. ఇప్పుడు ఇంట్లోనే ఉతుక్కుంటున్నాము కాబట్టి ఆ పుస్తకం పోయింది, దానితోపాటు లెక్కా పోయింది.

ఎన్ని బట్టలు కావాలి

ఒక్కొక్క పరుపుకు మూడు జతల పక్కబట్టలు సరిపోతాయి. ఒకటి పరుపు మీద, ఒకటి ఉతుకులో, ఒకటి బీరువాలో ఉంటాయి. ముసురు పట్టి బట్టలు రెండు మూడు రోజులు ఆరని కోస్తా ప్రాంతంలో ఇంకొక జత ఉండడం మంచిది. వచ్చిపోయే చుట్టాల సంఖ్యను బట్టి అదనంగా రెండు మూడు దుప్పట్లు, ఒక జంబుఖానా చాలు. పెళ్ళిళ్ళలోను గృహప్రవేశాలలోను వచ్చి చేరిన దుప్పట్లు, తువ్వాళ్ళు విప్పకుండా అట్టపెట్టెలలోనే ఏళ్ళ తరబడి పడి ఉండడం మన ఇళ్ళలో మామూలే. వాటిని విప్పి వాడుకోవడమో, అవసరమైనవారికి ఇవ్వడమో మేలు. కాగితపు అట్టలో ఉండిపోయిన తెల్లని బట్ట మడతల వెంబడి పసుపుపచ్చగా మారుతుంది.

స్థలం

బీరువాను బయటి గోడకు ఆనించి పెట్టరాదు. వానకాలంలో గోడ పీల్చుకున్న తేమ నేరుగా బట్టలకు చేరుతుంది. గోడకు రెండు మూడు అంగుళాల ఎడం ఉంచి, కాళ్ళ కింద చెక్క దిమ్మలు పెడితే గాలి ఆడుతుంది. కొయ్య బీరువా అయితే చెదలు పట్టకుండా ఈ ఎడమే కాపాడుతుంది. చెదలు గోడ వెంబడి మట్టి గొట్టాలు కట్టుకుంటూ వస్తాయి కనుక వెనుకవైపు అప్పుడప్పుడు దీపం వేసి చూడాలి. స్నానాలగది గోడకు అవతలివైపున కట్టిన గోడ అలమరలో పక్కబట్టలు పెట్టకపోవడమే మంచిది. కొత్త అపార్టుమెంట్లలో ఎక్కువగా కనిపించే లోపం ఇది.

అరలలో పాత వార్తాపత్రికలు పరవడం అందరికీ అలవాటు. పత్రికల సిరా తెల్లబట్టలకు అంటుతుంది. కాగితం పాతబడే కొద్దీ దానిలోని ఆమ్లం వలన దానిని తాకిన బట్ట కూడా పసుపు రంగుకు తిరుగుతుంది. పైగా కాగితాన్ని తినే పురుగులకు అది ఆహారం. దాని బదులు ఉతికి ఆరబెట్టిన పాత పంచె ముక్కను పరవవచ్చు. సముద్రతీర ప్రాంతాలలో ఉక్కు బీరువా అరలకు తుప్పు పడుతుంది కనుక అక్కడ ఈ గుడ్డ తప్పనిసరి. తుప్పు మరక బట్టకు పడితే సబ్బుతో పోదు. నిమ్మరసం, ఉప్పు కలిపి మరక మీద రాసి, కొంతసేపు ఎండలో ఉంచి ఉతికితే చాలావరకు పోతుంది. రంగుబట్టలకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు.

మడత

మామూలు ఉక్కు బీరువా సుమారు 78 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు, 19 అంగుళాల లోతు ఉంటుంది. పెద్ద మంచపు దుప్పటి 90 అంగుళాల వెడల్పు, 108 అంగుళాల పొడవు ఉందనుకుందాము. వెడల్పును మూడుసార్లు సగానికి మడిస్తే 11¼ అంగుళాలు, పొడవును కూడా అలాగే మూడుసార్లు మడిస్తే 13½ అంగుళాలు వస్తుంది. అంటే ఒక అరలో మూడు దొంతరలు పక్కపక్కనే పడతాయి. లోతులో ఇంకా అయిదు అంగుళాల ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని చూసి అక్కడ ఇంకేదో దూర్చాలనిపించడం సహజం. కాని గాలి తిరగడానికి ఆ జాగా అవసరం. ఇంట్లోని దుప్పట్లన్నింటినీ ఒకే కొలతకు మడవడం వలన దొంతర పడిపోకుండా నిలుస్తుంది. మూసిన మడత ముందువైపుకు, విడి అంచులు వెనుకకు వచ్చేలా పెడితే ఎన్ని ఉన్నాయో చూడగానే లెక్క తెలుస్తుంది, ఒకటి లాగితే రెండవది చెదరదు.

ఒకే జతకు చెందిన దుప్పటిని, గలీబులను ఆ జతలోని ఒక గలీబులోనే పెట్టి ఉంచడం తేలికైన ఉపాయం. జత విడిపోదు. రాత్రివేళ వెతుక్కోనవసరం లేదు.

అరల కేటాయింపు ఇంటి అవసరాన్ని బట్టి ఉంటుంది. సాధారణంగా నడుము నుండి కంటి ఎత్తు వరకు ఉన్న అరలలో వారం వారం మార్చే పక్కబట్టలు, తువ్వాళ్ళు ఉండాలి. బరువైన బొంతలు, జంబుఖానాలు అడుగున, ఏడాదికొకసారి తీసేవి పైన పెట్టుకోవాలి. ఇంట్లో వృద్ధులుంటే వారి దుప్పట్లు వంగకుండా, నిక్కకుండా అందే అరలో ఉండడం అవసరం. జబ్బుపడినవారికి వాడే పాత మెత్తని దుప్పట్లను, తువ్వాళ్ళను ఒక మూటగా కట్టి విడిగా ఉంచితే అర్ధరాత్రి అవసరం వచ్చినా తడుముకోనక్కరలేదు.

ఉతికి వచ్చిన బట్టను దొంతరకు పైన పెట్టి, మళ్ళీ పైనుంచే తీస్తూ ఉంటే అవే రెండు దుప్పట్లు చిరిగిపోతాయి, అడుగునున్నవి మడతల వద్ద పచ్చబడతాయి. కొత్తగా ఉతికినది అడుగున పెట్టి పైది తీసుకోవాలి. బియ్యం డబ్బాలో పాతబియ్యం అయ్యాకే కొత్తబియ్యం తీసే ఇల్లాలికి ఇది వేరే చెప్పవలసిన పని లేదు.

తేమ

బీరువాలోని బట్టలు ఎక్కువగా పాడయ్యేది తేమ వలననే. గాలిలో తేమ 70 శాతం దాటి కొన్నాళ్ళు ఉంటే నూలుబట్టకు బూజు పట్టే వీలుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరపట్టణాలలో ఏడాదిలో చాలా నెలలు ఈ పరిస్థితి ఉంటుంది. తెలంగాణ, రాయలసీమలలో వానకాలం తప్ప బూజు బాధ తక్కువ, దుమ్ము బాధ ఎక్కువ. అందువలన ఒకచోట పనికివచ్చే సలహా మరొకచోట పనికిరాదు. అనంతపురంలో బీరువా తలుపు బిగుతుగా ఉండాలి. కాకినాడలో ఎండ కాసిన రోజున ఆ తలుపు కాసేపు తెరిచి ఉంచాలి.

ఆరినట్లు కనిపించే తువ్వాలులో కుట్టు వద్ద, అంచు వద్ద తడి మిగిలే ఉంటుంది. ఇస్త్రీ చేసిన వెంటనే వేడిగా ఉన్న బట్టలోనూ ఆవిరి ఉంటుంది. రెంటినీ కొంతసేపు గాలికి ఉంచి, చల్లారిన తరువాత లోపల పెట్టాలి. ముక్కిన వాసన మొదలైతే అత్తరు చల్లడం వలన ప్రయోజనం లేదు. ఆ అరలోని బట్టలన్నింటినీ తీసి, మళ్ళీ ఉతికి ఎండబెట్టి, అరను పొడిగుడ్డతో తుడిచి, ఒక పూట తలుపు తెరిచి ఉంచాలి. ప్లాస్టిక్ సంచులలో బిగించి పెట్టిన బట్టకు లోపలి తేమ బయటకు పోయే దారి ఉండదు. పాత నూలుచీరలో చుట్టి ఉంచడం దీనికంటె మేలు.

పురుగులు

బట్టలను తినే పురుగులన్నీ ఒకటి కావు. ఏ పురుగు ఏ బట్టను తింటుందో తెలిస్తే సగం మందుల అవసరం ఉండదు.

చిమ్మట అనే చిన్న రెక్కలపురుగు గుడ్ల నుండి వచ్చే లార్వాలు ఉన్నిని తింటాయి. ఉన్ని, వెంట్రుకలు, ఈకలు కెరటిన్ అనే మాంసకృత్తుతో ఏర్పడినవి. దానిని జీర్ణం చేసుకోగల జీవులు తక్కువ. వాటిలో ఇవి ఒకటి. పట్టుబట్టలను కూడా ఇవి పాడుచేయగలవు. ఎగిరే చిమ్మట స్వయంగా ఏమీ తినదు. శుభ్రమైన నూలు దుప్పటి చిమ్మట లార్వాకు ఆహారం కాదు. చెమట, నూనె, అన్నం మరకలు ఉన్న నూలుబట్ట మాత్రం దానిని ఆకర్షిస్తుంది.

నూలుబట్టలకు హాని చేసేది సిల్వర్‌ఫిష్ అని పిలవబడే, వెండిరంగు పొలుసులు గల రెక్కలులేని పురుగు. పాత పుస్తకాలలో కూడా దీనినే చూస్తాము. దీనికి పిండిపదార్థం ఇష్టం. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన దుప్పటి దీనికి విందుభోజనం. కాబట్టి గంజి వాడుకునే ముందు పెట్టుకోవాలి కాని, నెలల తరబడి దాచే బట్టలకు పెట్టరాదు. బొద్దింకలు కూడా గంజిని, మరకలను తింటాయి.

తెలంగాణ, రాయలసీమ ప్రాంతాలలో దక్కనీ గొర్రెల ఉన్నితో నేసే గొంగడికి చిమ్మట భయం ఎక్కువ. నేతలో చింతగింజల గంజి కూడా వాడతారు కనుక ఇతర పురుగులకు కూడా అందులో ఆహారం దొరుకుతుంది. అయితే గొంగడిని నిత్యం కప్పుకునే గొర్రెలకాపరికి ఈ బాధ లేదు. లార్వాలకు చీకటి, నిశ్చలత కావాలి. దులిపి, ఎండలో వేసే గొంగడిలో అవి బ్రతకవు. బీరువాలో దాచినదే పాడవుతుంది.

కలరా ఉండలు

బట్టల మధ్య వేసే తెల్లని గోళీలను తెలుగునాట కలరా ఉండలు అంటారు. కలరా వ్యాధికి వీటితో సంబంధం లేదు. ఇవి సాధారణంగా నాఫ్తలీన్ అనే రసాయనంతో తయారవుతాయి. కొన్ని రకాలు పారాడైక్లోరోబెంజీన్‌తో తయారవుతాయి. ఘనపదార్థం ద్రవంగా మారకుండా నేరుగా ఆవిరి కావడాన్ని ఉత్పతనం అంటారు. పాఠశాల విద్యార్థులు దీనికి ఉదాహరణగా నాఫ్తలీన్‌ను చదువుకునే ఉంటారు. ఉండ చిక్కిపోయి చివరకు మాయమవడానికి కారణం ఇదే. అలా మాయమైనది కొంత గదిలోని గాలిలోకి, కొంత బట్టలలోకి చేరుతుంది.

ఉండ దేనితో తయారైనదో ఒక చిన్న పరీక్షతో తెలుసుకోవచ్చు. గ్లాసెడు నీటిలో ఇక కరగనంత ఉప్పు కలిపి, అందులో ఉండను వేయాలి. నాఫ్తలీన్ తేలుతుంది, పారాడైక్లోరోబెంజీన్ మునుగుతుంది. మామూలు నీటిలో రెండూ మునుగుతాయి, కర్పూరం మాత్రమే తేలుతుంది. ఆ గ్లాసును మళ్ళీ తాగడానికి వాడరాదు.

ఆవిరి బాగా చిక్కగా చేరినప్పుడే నాఫ్తలీన్ పురుగులను చంపగలదు. అందుకు గాలి చొరని పెట్టె కావాలి. సందులు గల బీరువాలో నాలుగు ఉండలు వేస్తే ఆవిరి బయటకు పోతుంది. పురుగు చావదు, ఆ గదిలో పడుకున్న మనుషులు పీలుస్తారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో నాఫ్తలీన్‌ను మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశం గల పదార్థాల జాబితాలో చేర్చింది. ఐరోపా సమాఖ్య దేశాలలో నాఫ్తలీన్ ఉండల అమ్మకం 2008 నుండి నిషిద్ధం. భారతదేశంలో ఇవి కిరాణా దుకాణాలలో సులభంగా దొరుకుతాయి.

పసిపిల్లల బట్టలు

నాఫ్తలీన్ వలన అందరికంటె ఎక్కువ ప్రమాదం పురిటిబిడ్డలకు. కొందరి ఎర్రరక్తకణాలలో జి-6-పి-డి అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉంటుంది. ఇది తల్లి నుండి ఎక్స్ క్రోమోజోము ద్వారా సంక్రమించే లోపం కనుక మగపిల్లలలో ఎక్కువగా బయటపడుతుంది. ఈ లోపం ఉన్న సంగతి సాధారణంగా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇటువంటి బిడ్డ నాఫ్తలీన్ ఆవిరి పీల్చినా, అది పట్టిన బట్ట ఒంటికి తగిలినా ఎర్రరక్తకణాలు చిట్లిపోతాయి. వాటి నుండి బిలిరుబిన్ అనే పసుపు పదార్థం రక్తంలో పెరిగిపోతుంది. పురిటిబిడ్డ కాలేయం దానిని తట్టుకోలేదు. కామెర్లు ముదిరి బిలిరుబిన్ మెదడుకు చేరితే చెవుడు, అవయవాల వైకల్యం, మరణం కూడా సంభవించవచ్చు. గ్రీసు దేశంలో నాఫ్తలీన్ వలన రక్తహీనతకు, కామెర్లకు గురైన 21 మంది శిశువుల వివరాలు 1963లో ఒక వైద్య పత్రికలో ప్రచురితమయ్యాయి. వారిలో ఇద్దరు మరణించారు. చాలామంది విషయంలో ఉండలు వేసిన బట్టలు బిడ్డ ఒంటిమీద లేవు, ఆ గదిలోనో పక్కనో ఉన్నాయి.

ఈ విషయం తెలుగు ఇళ్ళకు ప్రత్యేకంగా వర్తిస్తుంది. పురిటిబిడ్డకు కొత్తబట్ట వేయరాదని, బాగా నలిగిన పాతబట్టే మెత్తగా ఉంటుందని మన ఆచారం. ఆచారం మంచిదే. తాతగారి పాత పంచెలు, అమ్మమ్మ నూలుచీరలు చింపి పొత్తిగుడ్డలు చేస్తారు. కాని ఆ పంచెలు, చీరలు అంతవరకు ఎక్కడ ఉన్నాయి? పెట్టె అడుగున, కలరా ఉండల మధ్యన. ఒక బిడ్డకు వాడిన ఉన్ని టోపీలు, మేజోళ్ళు తరువాతి బిడ్డ కోసం దాచేదీ అక్కడే. ఇక బిడ్డకు నూనె రాసి, నలుగు పెట్టి, స్నానం చేయించి ఆ గుడ్డలలోనే చుడతారు. నూనె రాసిన చర్మం గుండా నాఫ్తలీన్ మరింత సులభంగా లోపలికి పోతుందని వైద్యులు భావిస్తున్నారు.

కనుక ఇంట్లో ఎవరైనా కడుపుతో ఉన్నారని తెలిసినప్పుడే బీరువాలోని ఉండలన్నింటినీ తీసివేయాలి. పొత్తిగుడ్డలకు ఉద్దేశించిన పాతబట్టలను వేడినీటిలో సబ్బుతో ఉతికి, ఎండలో ఆరవేసి, వాసన పూర్తిగా పోయేవరకు మళ్ళీ మళ్ళీ అలాగే చేయాలి. ఎంత ఉతికినా వాసన పోని బట్టను బిడ్డకు వాడకూడదు. ఈ బట్టలను ఉండలు ఎన్నడూ వేయని వేరే పెట్టెలో ఉంచాలి. బాలింత గదిలో ఉండల వాసన గల బీరువా ఉంటే దానిని వేరే గదికి మార్చడం మంచిది.

బిడ్డ కళ్ళు, చర్మం పసుపుపచ్చగా మారడం, పాలిపోవడం, మూత్రం ముదురు రంగులో రావడం, పాలు తాగకుండా మత్తుగా ఉండడం ప్రమాద సూచనలు. పురిటికామెర్లు వాటంతట అవే పోతాయని ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళి, ఇంట్లో కలరా ఉండలు వాడిన సంగతి వైద్యునికి చెప్పాలి. అడిగితే తప్ప ఈ మాట చెప్పాలని ఎవరికీ తోచదు.

కొంచెం పెద్ద పిల్లలు ఉండను పిప్పరమెంటు అనుకుని మింగే ప్రమాదం కూడా ఉంది. అప్పుడు పాలు గాని నూనె గాని తాగించరాదు. కొవ్వులో నాఫ్తలీన్ కరిగి శరీరంలోకి త్వరగా చేరుతుంది. బలవంతాన వాంతి చేయించక, మిగిలిన ఉండను లేదా పొట్లాన్ని వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాలి.

సంప్రదాయ ద్రవ్యాలు

ఎండబెట్టిన వేపాకు, వసకొమ్ము, వట్టివేరు, కర్పూరం, మొగలిరేకులు బట్టల మధ్య పెట్టడం పాత అలవాటు. వీటిలో వట్టివేరు, మొగలిరేకులు ముఖ్యంగా సువాసన కోసం. వేపాకు, వస పురుగులను కొంతవరకు దూరంగా ఉంచుతాయి కాని, అప్పటికే బట్టలో ఉన్న లార్వాలను చంపుతాయని నమ్ముకోరాదు. వేపాకు గలగలలాడేలా ఎండి ఉండాలి. పచ్చి ఆకు తేమను, మరకను కూడా తెస్తుంది. ఏదైనా పలుచని గుడ్డలో మూటకట్టి పెట్టి, రెండు మూడు నెలలకొకసారి మార్చాలి. కర్పూరం కూడా పిల్లలు మింగితే మూర్ఛ రాగలదు కనుక వారికి అందకూడదు. పసిబిడ్డ ఉన్న ఇంట్లో దానిని కూడా మానడం మంచిది.

ఎండ

మన ప్రాంతంలో ఖర్చులేని మందు ఎండ. దసరా తరువాత వానలు తగ్గినప్పుడు ఒకసారి, మాఘ ఫాల్గుణాలలో చలి తగ్గి కంబళ్ళు లోపల పెట్టేటప్పుడు మరొకసారి బీరువా మొత్తం ఖాళీ చేయడం పద్ధతి. ఉన్ని కంబళ్ళను మడతలు విప్పి, దులిపి, కుంచెతో రుద్ది, రెండువైపులా ఎండ తగిలేలా వేయాలి. తెల్లని నూలుబట్టలకు ఎండ మంచిదే. పెడన కలంకారీ దుప్పట్లు, పోచంపల్లి ఇక్కత్ దుప్పట్లు, ఓరుగల్లు జంబుఖానాలు వంటి రంగులవి తిరగవేసి నీడలో ఆరవేయాలి. తిరిగి మడిచేటప్పుడు పాత మడత మీదనే మడవకుండా కొంచెం జరిపి మడిస్తే అక్కడ పోగులు తెగవు.

భోగి ముందు ఇల్లు సర్దేటప్పుడు చిరిగిన పక్కబట్టలను ఏరివేయడం సులభం. నూలువైతే నేల తుడవడానికి, బొంతలు కుట్టడానికి పనికివస్తాయి. పాలియెస్టర్ కలిసిన దుప్పట్లను భోగిమంటలో వేయరాదు. అవి కరిగి నల్లని విషపు పొగను వెలువరిస్తాయి, మండుతున్న చుక్కలు చుట్టూ నిలబడిన పిల్లల మీద పడతాయి.

ఖాళీ చేసిన రోజుననే బీరువా తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించి, ఏ అరలో ఏమున్నాయో, ఎన్ని ఉన్నాయో, కంబళ్ళు ఎప్పుడు ఎండకు వేశారో తేదీతో వ్రాసుకోవచ్చు. పాత చాకలి పద్దు చేసిన పని ఈ కాగితం చేస్తుంది.